తగ్గింపులో ప్రథమ బహుమతి

కోనసీమకు వరద వస్తే ఆగస్టులో రావాలి. గోదావరి పొంగాలి, లంకలు మునగాలి, పడవలు తిరగాలి. అది పద్ధతి. కానీ కాలువలు కట్టేసి ఎక్కడా చుక్క నీరు పారని ఏప్రిల్ నెలలో, రాజోలుకు దగ్గరగా ఉన్న మా ఊరి మందిరంలో, ఆరాధన జరుగుతుండగా ఒకసారి వరద వచ్చింది. తెల్లచీరలు కట్టుకున్న స్త్రీలందరూ చాపల మీద నుంచి ఒక్క ఉదుటున లేచి నిలబడ్డారు. ఆ వరదకు కారణం గోదావరి కాదు, నేను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నా తగ్గింపు.

తగ్గింపు అంటే మా క్రైస్తవ విశ్వాసుల భాషలో వినయం. తనను తాను తక్కువ చేసుకోవడం, ఎదుటివారిని ఎక్కువగా ఎంచడం. ఆ గుణం నాలో ఎంత సమృద్ధిగా ఉందో నాకు ముందే తెలుసు. తెలియనిది లోకానికి. అందుచేత లోకానికి నిరూపించడానికి బయలుదేరాను. జరిగింది జరిగినట్టు మీ ముందు ఉంచుతాను. న్యాయనిర్ణేతలు మీరే.

ముందుగా నిందితురాలి పరిచయం. పేరు జ్ఞానమణి. ఆ పేరు పెట్టిన మా నాన్నమ్మ దూరదృష్టిని నేను ఎన్నడూ ప్రశ్నించలేదు. ప్రశ్నించనిది అదొక్కటే. అమలాపురంలో డిగ్రీ చదువుతున్న రోజులవి. కాలేజీలో డిబేట్ ఎక్కడ జరిగినా వేదిక మీద నేను ఉండేదాన్ని. ఆ అలవాటు వేదిక దిగాక కూడా దిగేది కాదు. కూర మాడిందని నాన్న అంటే, మాడడం అనే పదాన్ని ముందుగా నిర్వచించుకుందామని నేను అనేదాన్ని. మందిరంలో నేను చేయెత్తితే చాలు, మా పాస్టరుగారు, అంటే మేమందరం అయ్యగారు అని పిలిచే ఆయన, "మంచి ప్రశ్నమ్మా, ప్రార్థన చేసుకుందాం" అని వెంటనే కళ్ళు మూసుకునేవారు.

ఇక ప్రతివాది. పేరు కరుణ. అదే కాలేజీలో నాకు జూనియర్, అదే మందిరంలో నాకు పీడకల. ఆమె చేసిన నేరమేమిటో వినండి. మందిరం గుమ్మం ముందు మేమందరం చెప్పులు విడిచి లోపలికి వెళ్తాం. ఆరాధన మొదలయ్యేసరికి అవి సంతలో కుప్పపోసిన ఎండుచేపల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కరుణ చివరగా లోపలికి వచ్చేది. వచ్చే ముందు ఆ చెప్పులన్నీ జతలు జతలుగా ఏరి, బయటికి తిరిగి ఉండేటట్టు వరుసగా పేర్చేది. ఆరాధన కాగానే ముసలివాళ్ళు వంగకుండా, వెతక్కుండా, కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోయేవారు. చాలాకాలం దాకా అది ఎవరు చేస్తున్నారో కూడా ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం పాస్టరుగారి భార్య, మేమందరం అమ్మగారు అని పిలిచే ఆవిడ, చూసేశారు. చూసి ఊరుకోకుండా సంఘమంతటి ముందూ, "తగ్గింపు అంటే మన కరుణను చూసి నేర్చుకోవాలి" అన్నారు.

సంఘమంతా కరుణ వైపు తిరిగింది. కరుణ తల వంచుకుంది. ఆ వంచుకోవడం కూడా ఎంత బాగా వంచుకుందంటే, నాకు ఒళ్ళు మండిపోయింది.

పీచు తీయడానికి కాలువలో నానేసిన కొబ్బరి డొక్కలను మీరు చూసే ఉంటారు. పైకి ఏమీ తెలియదు. లోపల్లోపల నానుతూ, కుళ్ళుతూ ఉంటాయి. ఆ రోజు నుంచి నేను అలా నానాను. వాసన ముందుగా మా అమ్మకు తెలిసింది.

"చెప్పులు తిప్పితే తిప్పనియ్యవే. నీవి కూడా తిప్పుతుంది కదా, సుఖంగా తొడుక్కుని రా" అంది.

"ఇక్కడ విషయం చెప్పులు కాదమ్మా, గుర్తింపు. నేను చేస్తున్న మంచి పనులను ఈ సంఘం గుర్తించడం లేదు."

"ఆయ్, గుర్తించేక అది తగ్గింపు ఎలా అవుద్దే?"

ఆ వాదన చర్చాంశానికి సంబంధం లేనిదని తోసిపుచ్చాను.

మరునాడు రాజోలు నుంచి అమలాపురం వెళ్ళే బస్సులో కరుణ లేచి, బిడ్డతో ఉన్న ఒకావిడకు సీటిచ్చింది. నేను వెంటనే లేచి, పక్కన నిలబడిన ఒక పెద్దాయనకు నా సీటిచ్చాను. ఆయన వద్దన్నారు. నేను కూర్చోవలసిందేనన్నాను. దిగిపోయే స్టాపు వచ్చిందని ఆయన బతిమాలుతున్నా వినకుండా భుజం పట్టి కూర్చోబెట్టాను. బస్సు ఆయన స్టాపు దాటేసింది. దిగుతూ ఆయన నా గురించి అన్న మాటల్లో తగ్గింపు అనే మాట లేదు.

ఇలా ఉండగా ఈస్టర్‌కు వారం ముందు జరుపుకునే మట్టల ఆదివారం వచ్చింది. కొబ్బరాకులు చేతబట్టి ఊరేగింపుగా మందిరానికి చేరాక అయ్యగారు ఒక ప్రకటన చేశారు. ఈస్టర్ నాడు తెల్లవారుజామున సమాధుల తోటలో చేసే ఆరాధనలో ఈసారి ఆడపిల్లల్లో ఒకరు వాక్యం చెబుతారు, అంటే ప్రసంగం చేస్తారు. అంశం, తగ్గింపు. ఎవరు చెబుతారనేది గురువారం సాయంత్రం పాదాలు కడిగే ఆరాధన అయ్యాక ఆయన తెలియజేస్తారు.

ఆ చీకటిలో కొవ్వొత్తుల వెలుగు, మైకు, మైకు ముందు నేను, నా గొంతు కొబ్బరితోటల మీదుగా పక్క ఊరి దాకా వెళ్ళడం, అన్నీ కళ్ళ ముందు కనిపించాయి. ఇంటికి వెళ్ళగానే ప్రసంగం రాసేశాను. తగ్గింపును నిర్వచించాను, విభజించాను, ప్రతిపక్షం లేవనెత్తగల అభ్యంతరాలను ఊహించి ఖండించాను. తగ్గింపు గురించి మా మండలంలో నాకంటే ఎక్కువ తెలిసినవారు లేరని ఆ రాత్రి నిర్ధారణకు వచ్చాను. కావలసిందల్లా అయ్యగారు నా పేరు పలకడం. అడ్డమల్లా కరుణ.

పాదాలు కడిగే ఆరాధన గురించి తెలియనివారికి ఒక మాట. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగినదానికి జ్ఞాపకంగా, గుడ్ ఫ్రైడే ముందు సాయంత్రం మా మందిరంలో మగవారి వైపు పన్నెండుమందిని అయ్యగారు, ఆడవారి వైపు పన్నెండుమందిని అమ్మగారు బెంచీ మీద కూర్చోబెట్టి, నేల మీద మోకరించి వారి పాదాలు కడిగి తుడుస్తారు. ఆ సంవత్సరం ఆడవారి బెంచీ మీద నాకు చోటు దొరికింది. దొరికింది అనడం కంటే, దొరికేదాకా నేను అమ్మగారి ఇంటికి వెళ్ళడం మానలేదు అనడం సత్యానికి దగ్గర.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పాదాలు కడిగించుకోబోయే ప్రతి ఒక్కరూ ముందుగా ఇంట్లో పాదాలు కడుక్కుని వెళ్తారు. ఊరికే కడుక్కోవడం కాదు. ఆ మధ్యాహ్నం మా పేటలో ఏ కుళాయి దగ్గర విన్నా మడమలు రుద్దుకుంటున్న చప్పుడే. రాయితో రుద్ది, సబ్బుతో రుద్ది, గోళ్ళు కత్తిరించి, కొబ్బరినూనె రాసి, పెళ్ళిచూపులకు పంపినట్టు ఆ పాదాలను మందిరానికి పంపుతారు. మా అమ్మ కూడా పీచూ సబ్బూ పట్టుకుని నా వెంట పడింది.

"అమ్మగారి చేతికి మన మట్టి అంటితే ఏం బావుంటాదే? ఇలా కూర్చో."

నేను కూర్చోలేదు. నాలోని వక్త లేచి నిలబడింది. "కడిగిన పాదాలను మళ్ళీ కడిగితే ఎవరికి తగ్గింపు? కడిగేవారికి శ్రమ లేదు, కడిగించుకునేవారికి సిగ్గు లేదు. మురికిని ఇంట్లో దాచిపెట్టి శుభ్రతను మందిరంలో ప్రదర్శించడం వేషధారణ. నేను ఉన్న పాదాలతో ఉన్నట్టే వెళ్తాను."

"అయితే ఉన్నట్టే వెళ్ళు. నా కూతురివని మాత్రం ఎవరికీ చెప్పకు" అంది అమ్మ.

ఆ వాదనలో దోషం లేదు. ఈనాటికీ లేదంటాను. దోషం వాదించినదాని కడుపులో ఉంది. ఎందుకంటే, పదకొండు జతల మెరిసే పాదాల నడుమ నా ఒక్కదాని పాదాల మీద దుమ్ము కనబడాలనీ, అమ్మగారు కదిలిపోవాలనీ, చెప్పులు పేర్చడం ఏపాటి తగ్గింపు అని సంఘమంతా అనుకోవాలనీ నా పథకం. ఆ దుమ్ము సంపాదించడం కోసం చెప్పులు ఇంట్లోనే వదిలేసి, రోడ్డు మీద వెళ్ళకుండా, చుట్టూ తిరిగి కాలవగట్టు మీద బయలుదేరాను. నాకు కావలసింది కొంచెమే. చీలమండల దాకా, హుందాగా ఉండే ఎర్రటి దుమ్ము.

ఆ సంవత్సరం ఈస్టర్ ఆలస్యంగా వచ్చింది. కాలువలు అప్పటికే కట్టేశారు. పొక్లెయిన్ పెట్టి పూడిక తీసి ఆ నల్లటి బురదను గట్టు పొడవునా పోశారు. ఎండకు పైన పెచ్చు కట్టి చక్కగా బీటలు వారి, కాలు పెట్టమని పిలుస్తున్నట్టు ఉంది. పెట్టాను. పైన అప్పడం, కింద హల్వా. కుడికాలు పిక్క దాటి దిగిపోయింది. దాన్ని లాగడానికి ఎడమకాలు ఊనాను. ఆ తరువాత కాసేపు నేను గట్టు మీద మొలిచిన మొక్కలా ఉన్నాను. అంత ఆపదలోనూ చీర కుచ్చిళ్ళు మాత్రం పైకెత్తి పట్టుకుని కాపాడుకున్నాను. పైకి వచ్చేసరికి మోకాళ్ళ కింద నుంచి వేళ్ళ చివర దాకా నల్లటి మేజోళ్ళు తొడుక్కున్నట్టు ఉంది. కాలువ అడుగున ఏళ్ళ తరబడి నానిన సకల పదార్థాల వాసనా వాటితో పాటు వచ్చింది.

తెలివైనవారు ఇక్కడ ఆగి కడుక్కునేవారు. నేను కూడా ఆగాను. ఆగి ఆలోచించాను. మట్టి ఎక్కువైతే తగ్గింపు కూడా ఎక్కువే కదా అనే నిర్ణయానికి వచ్చాను. చీర కిందికి దింపి, అన్నీ కప్పేసుకుని నడిచాను.

మందిరం గుమ్మం దగ్గర కరుణ చెప్పులు పేరుస్తోంది. నా అడుగుల ముద్రలు చూసి లేచి నిలబడింది.

"మణక్కా, గట్టు మీంచి వచ్చేరా? కుళాయి దగ్గరికి రండి, నేను నీళ్ళు పోస్తాను. ఎవరూ చూడరు."

ఎవరూ చూడరు అనే మాట నన్ను పొడిచింది. చూడకపోతే నేను ఇంత దూరం నడిచిందెందుకు? "కడుక్కుని లోపలికి వెళ్తే ఇక లోపల కడగడమెందుకు కరుణా? ఉన్నవి ఉన్నట్టు చూపించుకోవడమే తగ్గింపు" అన్నాను, వేదిక మీద చివరి వాక్యం చెప్పే గొంతుతో.

కరుణ చేతిలోని చెప్పుల జత కింద పెట్టింది. "ఆయ్, నిజమేనక్కా. నాకు తట్టలేదు" అంది.

గెలిచాననుకుని లోపలికి వెళ్ళాను.

బెంచీ మీద నాది చివరి నుంచి రెండో చోటు. నా తరువాత మరియమ్మ మామ్మ. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. ఆ గాలికి బురద ఆరి, సిమెంటులా బిగుసుకుని, కాళ్ళను పట్టి గుంజడం మొదలుపెట్టింది. మామ్మ ముక్కు ఎగబీల్చింది. "ఏదో చెరువు వాసన వస్తందమ్మా. ఎవరైనా రొయ్యలు పట్టుకొచ్చేరా?" అని నన్నే అడిగింది. ఆరాధనలో మాట్లాడకూడదని సైగ చేశాను.

అప్పుడు అమ్మగారు ముందుకు వచ్చారు. మణికట్టుకు కట్టు ఉంది. ఉదయం నూతి దగ్గర జారిపడ్డారట. చెయ్యి తడపవద్దన్నారట. "అంచేత ఈ సంవత్సరం నా బదులు మన కరుణ కడుగుతాది" అన్నారు.

నా సిమెంటు పాదాల్లో రక్తం ఆగిపోయింది. అమ్మగారిని కదిలించడానికి మోసుకొచ్చిన బురద అది. ఇప్పుడది కరుణ ముందు పెట్టాలి. నా ప్రత్యర్థికి పుట్టి బుద్ధెరిగాక ఇంతకంటే గొప్ప అవకాశం ఎవరూ ఇచ్చి ఉండరు.

కరుణ పళ్ళెం పట్టుకుని మోకరించింది. పాట మొదలైంది. ఒకరి తరువాత ఒకరు ముందే కడిగిన పాదాలను ముందుకు చాపారు. కొసకు చేరుతున్నా పళ్ళెంలో నీళ్ళు తాగేటంత తేటగా ఉన్నాయి. నా వంతు వచ్చింది. చీర అంచు జానెడు ఎత్తాను.

పాడుతున్నవారిలో సగంమంది ఆగిపోయారు. మగవారి వైపు నుంచి కూడా కొందరు మెడలు చాచారు. మరియమ్మ మామ్మ తొంగిచూసి, "రొయ్యలు కాదులే" అని తనలో తాను అనుకుంది.

కరుణ ముఖం చిట్లించలేదు. చిట్లించి ఉంటే నేను ఈ జన్మంతా ఆమెను ప్రేమించి ఉండేదాన్ని. నీళ్ళు పోసింది. బురద కదలలేదు. చేత్తో రుద్దింది. పళ్ళెం కషాయంలా మారింది, తరువాత తారులా మారింది. నీళ్ళు మార్చారు. మళ్ళీ మార్చారు. పాట అయిపోయింది. మళ్ళీ పల్లవి నుంచి ఎత్తుకున్నారు. ఎవరో మందిరం వెనక వంటశాలలోంచి కొబ్బరి పీచు తెచ్చి అందించారు. మా అమ్మ మధ్యాహ్నం పట్టుకుని వెంటపడినటువంటిదే. చాపల మీద మా అమ్మ ఎటో చూస్తోంది, నన్ను ఎరగనట్టు. నా వేళ్ళ సందులోంచి ఒక నత్తగుల్ల ఊడి పళ్ళేనికి తగిలి టక్కుమంది. కరుణ దాన్ని తీసి నెమ్మదిగా పక్కన పెట్టి, తలెత్తి, నాకు మాత్రమే వినబడేలా అడిగింది.

"నొప్పిగా ఉందా మణక్కా?"

చూశారా, ఆ ప్రశ్న కూడా ఎంత బాగా అడిగిందో! అమ్మగారు కట్టుకట్టిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నారు. చాపల మీద ఎవరో "ఎంత తగ్గింపు" అన్నారు. అది నన్ను గురించి కాదు. నేను మోసిన బురద, నేను పడిన పాట్లు, నేను భరించిన వాసన, అన్నీ కలిసి ఆ పిల్ల తలమీద కిరీటమై కూర్చుంటున్నాయి. ఇక ఊరుకోలేకపోయాను. బెంచీ మీద నుంచి కిందికి దిగి మోకరించాను.

"చాలు కరుణా. ఇప్పుడు నేను నీ పాదాలు కడుగుతాను. ఇలా ఇవ్వు" అని పళ్ళెం పట్టుకున్నాను.

"అయ్యో, వద్దక్కా. మామ్మగారి వంతు ఇంకా ఉంది."

"నేనే కడగాలి, వదులు."

"నీళ్ళు మురికిగా ఉన్నాయక్కా, మార్చేక కడుగుదురుగాని."

"మురికైతే మరీ మంచిది."

ఒకరికొకరం తగ్గించుకుంటూ ఆ పళ్ళేన్ని అటూ ఇటూ లాగాం. తగ్గింపులో నాకు బలం ఎక్కువ. పళ్ళెం నా వైపు వచ్చి, నన్ను దాటి, గాలిలో ఒక పల్టీ కొట్టింది. కాలువ పూడిక సారమంతా చాపల మీదికి పరుగుతీసింది. మొదటి వరుస లేచింది, రెండో వరుస లేచింది, తెల్లచీరలన్నీ కొంగల గుంపులా ఒక్కసారి లేచాయి. రాయితో రుద్ది నూనె రాసిన మడమలన్నీ నల్లబడ్డాయి. ఒక్క మరియమ్మ మామ్మ మాత్రం కాళ్ళు బెంచీ మీదికి ముడుచుకుని, "నా వంతు వచ్చే ఏడు చూద్దాంలే" అంది.

ఆరాధన కుళాయి దగ్గరికి మారింది. చీకటి పడుతుంటే ఆడవాళ్ళంతా చీరలు ఎత్తిపట్టుకుని, ఒకరి కాళ్ళ మీద ఒకరు చెంబులతో నీళ్ళు పోసుకున్నారు. ఎప్పుడూ మాట్లాడుకోని తోడికోడళ్ళు ఇద్దరు పీచు ముక్క ఒకటే ఉండడం వల్ల మాట్లాడుకోవలసి వచ్చింది. అందరూ నవ్వుతున్నారు. నేను తప్ప. అయ్యగారు ఒక పక్కన నిలబడి కాసేపు చూసి, ఈస్టర్ వాక్యం కరుణ చెబుతుందని ప్రకటించారు. కరుణ తనకు ప్రసంగాలు రావని ఎంత చెప్పినా ఆయన వినలేదు.

అందరూ తమ తమ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. నాకు చెప్పులు లేవు. కరుణ తనవి తెచ్చి, నేను తొడుక్కోవడానికి వీలుగా తిప్పి నా ముందు పెట్టింది. "వేసుకెళ్ళండి మణక్కా. ఈసారి రోడ్డు మీదే వెళ్ళండి" అంది. అవి కాలికి సరిగ్గా సరిపోయాయి. దానికి కూడా నాకు కుళ్ళు పుట్టింది.

ఈస్టర్ వేకువన సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించుకుని నిలబడ్డాం. నా ప్రసంగం మడతపెట్టి నా చేతిసంచిలోనే ఉంది. కరుణ మైకు ముందుకు వచ్చింది. ఆమె తడబడాలని నేను ప్రార్థించలేదు. ప్రార్థించకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. ఆమె తడబడింది కూడా. తడబడుతూనే చెప్పింది.

"నాకు మాట్లాడ్డం రాదండి. గురువారం నేను ఇంతమంది పాదాలు కడిగేను గానీ, అందరూ ముందే కడుక్కుని వచ్చేరండి. నిజంగా కడగడానికి నాకు పాదాలు ఇచ్చింది మణక్క ఒక్కరే. ఉన్న మురికి ఉన్నట్టు చూపించుకోవడమే తగ్గింపని ఆవిడే నాకు చెప్పేరు. అంతేనండి."

కొవ్వొత్తులన్నీ నా వైపు తిరిగాయి. అంత గౌరవంగా ఆ సంఘం నన్ను ఎన్నడూ చూడలేదు. నేను కోరుకున్న గుర్తింపు, కోరుకున్న చోట, కోరుకున్న వేళ, మైకులోంచి వచ్చింది. పక్కన అమ్మ మెల్లగా దగ్గింది.

ఆ దగ్గు లేకపోతే ఊరుకునేదాన్నేమో. నాలో ఎన్ని లోపాలున్నా, తప్పుడు ఆధారం మీద వచ్చిన తీర్పును అంగీకరించడం నాకు చేతకాదు. చెయ్యెత్తాను. అయ్యగారు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకోబోయారు.

"అయ్యగారూ, ఇది ప్రశ్న కాదండీ, సవరణ. నేను తగ్గింపుతో రాలేదు. కరుణను అందరూ పొగుడుతుంటే ఓర్వలేక వచ్చాను. ఆమెకంటే నన్ను గొప్పగా చూడాలని కావాలనే గట్టు మీంచి వచ్చాను. నాకు కుళ్ళు అండీ. ఇప్పటికీ ఉంది."

మరియమ్మ మామ్మ బుగ్గలు నొక్కుకుంది.

"అమ్మమ్మమ్మ, ఎంత తగ్గింపమ్మా ఈ పిల్లకి!"

అమ్మగారు మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు ఇక తాను చెప్పవలసిందేమీ లేదన్నారు. కాదు మొర్రో అని నేను వివరించేకొద్దీ వారికి నా తగ్గింపు పెరిగిపోతోంది. ఆఖరికి వివరించడం మానేశాను. ఉన్న మాట చెప్పాలి గనుక చెబుతున్నాను, లోపల ఎక్కడో చాలా హాయిగా అనిపించింది. ప్రథమ బహుమతి నాదే. కరుణ ముఖంలో రవ్వంత అసూయ కనబడుతుందేమోనని కొవ్వొత్తి కొంచెం ఎత్తి చూశాను. ఆ పిల్ల నాకంటే ఎక్కువ సంతోషంగా నవ్వుతోంది. నా బహుమతి అక్కడికక్కడే వాడిపోయింది.

అందుచేత, ఆరిన కాలువల సాక్షిగా, ఆ నత్తగుల్ల సాక్షిగా, ఆ ఉదయమే ఒక ప్రతిజ్ఞ చేసుకున్నాను. బతికినంత కాలం తగ్గింపులో ఎవరితోనూ పోటీపడను. పాదాలు ఇంట్లో కడుక్కునే వెళ్తాను. బస్సులో దిగిపోయేవారిని దిగనిస్తాను. ఈ ప్రతిజ్ఞను నేటి వరకూ పొల్లుపోకుండా పాటిస్తున్నాను. ఇంత నిష్ఠగా పాటించడం కరుణ వల్ల కూడా కాదని, పోటీకి కాదు సుమా, కేవలం వాస్తవంగా మనవి చేసుకుంటున్నాను.